హార్మోనియానికి లగేజీ టికెట్టు

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కుతుంటే కండక్టరు నా భుజమ్మీది పెట్టెను ఎగాదిగా చూశాడు.

"ఏందన్నా అది?"

"హార్మోనియం."

"లగేజీ కొట్టాల."

"ఒళ్లో పెట్టుకుంటాలే తమ్ముడూ. బిడ్డతో సమానం."

"బిడ్డకైనా అయిదేళ్లు దాటితే అరటికెట్టు. దీనికెన్నేళ్లు?"

"ముప్పై ఒకటి" అనేశాను, నిజం చెప్పే దురలవాటు కొద్దీ. మిషను గరగరమని కాయితం కక్కింది. దాన్ని మడిచి పెట్టెలో తిత్తి సందున దోపేశాను. దాంతో మళ్లీ పని పడుతుందని అప్పుడు తెలీదు.

మేం అయిదుగురం. హార్మోనియం, పాట నావి. డోలక్ ఒకరు, చిడతలు ఒకరు, తాళాలు వేసే ముసలాయన ఒకరు, కీబోర్డు మీద సినిమా పాటలు వాయించే కుర్రాడు ఒకడు. శ్రీరామనవమికి భజన, వినాయక చవితికి పాట కచ్చేరి, తిరునాళ్లలో పద్యనాటకం పడితే దానికి హార్మోనియం, పెళ్లయితే పెళ్లికొడుకు మేనమామ ఏది అడిగితే అది, చావయితే తత్త్వాలు. ఈ మధ్య ఆత్మకూరులో ఒక ఎరువుల కొట్టు మీది గది బాడుగకు తీసుకుని, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి రికార్డింగు రూము అన్నాం. లోపల యూరియా వాసన, బయట లారీ హారన్లు. మేం రికార్డు చేసిన మొదటి భజన పాటలో రెండో చరణం చివర "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం, చాలు" అని వినబడుతుంది. అది వంత పాట కాదు. కింద బస్తాలు దించుతున్నారు.

పాట ఇంటర్నెట్టులో పెట్టాం. వారం తిరక్కుండానే ఒక కంపెనీ నుంచి నోటీసు వచ్చింది, ఈ సంగీతం మీది కాదు, మాది అని. మూడు వందల ఏళ్లనాటి తత్త్వం. గొంతు నాది, హార్మోనియం నాది. వాళ్లదంటూ ఉంటే బస్తాల మాటేమైనా వాళ్లదేమో.

ఇట్లా ఉండగా డబ్లిన్ నుంచి మా బావమరిది కొడుకు ఫోను చేశాడు. "మామా, ఐర్లండ్‌లో 2022 నుంచి కళాకారులకి వారానికి 325 యూరోలు ఇస్తున్నారు. ఏం వాయించావు, ఎక్కడ వాయించావు అని నెలనెలా లెక్క అడగరు. అర్హుల్లోంచి లాటరీ తీసి 2,000 మందిని ఎంచుకున్నారు."

స్పీకరులో వింటున్న మా ఆవిడ అందుకుంది. "మనకాడ లాటరీ తీసేది బ్రాందీ షాపులకేగా!"

అది 2024 అక్టోబరు. అప్పుడే జిల్లాలన్నిటా మద్యం షాపులకు లాటరీ తీశారు. ఆవిడ ఆ మాట అనడంలో ఇంకో గూఢార్థం కూడా ఉంది. మా పడమటి నెల్లూరులోనే, కలిగిరి దగ్గర దూబగుంట అనే ఊరుంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది. ఆ పోరాటం గురించి మా ఆవిడ మాట్లాడితే, నేను కచ్చేరి అయ్యాక ఆలస్యంగా ఇంటికి చేరిన రాత్రుల ప్రస్తావన వచ్చి తీరుతుంది. అందుకని నేను వెంటనే, "మన సర్కారు కూడా ఇస్తుందిలే, అడగాలి గదా" అని మాట మార్చాను. నా గ్రాంటు ప్రయాణానికి ముహూర్తం అదే.

అడిగి చూస్తే నిజంగానే బోలెడు ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ గురుశిష్య పరంపర పథకంలో గురువుకి నెలకి 15,000, శిష్యుడికి వయసును బట్టి 10,000 దాకా ఇస్తారు. ఈ రెండంకెలూ వినగానే మా కీబోర్డు కుర్రాడు, గురువు తనేనన్నాడు. నలభై దాటినవాళ్లకి సీనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకి 20,000 చొప్పున రెండేళ్లు, కాకపోతే పరిశోధన చెయ్యాలి. పాతికలోపు పిల్లలకి 5,000 స్కాలర్‌షిప్ ఉంది. అరవై దాటిన పెద్ద కళాకారులకి నెలకి 6,000 దాకా సాయం ఉంది, ఏడాది ఆదాయం 72,000 మించకూడదు. రెండో షరతులో మా మేళం మొత్తం డిస్టింక్షన్‌లో పాస్. మొదటి షరతు తాళాలాయన ఒక్కడికే కుదురుతుంది. ఇక రాష్ట్ర ప్రభుత్వం డప్పు కళాకారులకి నెలకి 4,000 పింఛను ఇస్తోంది. మా వైపు డప్పును పలక అంటాం. పలక కొట్టే పెద్దాయన ఒకటో తారీఖు పొద్దున్నే పింఛను అందుకుని మా వాకిట్లోంచి పోతూ, "ఏమబ్బా, ఇంకా హార్మోనియమేనా?" అని పలకరించి పోతాడు.

మాది ఏ పథకమో మాత్రం చెప్పను. చెబితే వచ్చే ఏడు కూడా రాదు.

ముందు సంఘం రిజిస్టరు చేయించాలన్నారు. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు ఉండాలి. మేం అయిదుగురం. ఆరో సభ్యురాలిగా మా ఆవిడను చేర్చి కోశాధికారిని చేశాం. ఇంట్లో జరిగేదానికి చట్టబద్ధత వచ్చిందంతే. ఏడో మనిషి మా సన్నాయి మామ. ఆయన గురించి తర్వాత చెబుతాను.

పేరు పెట్టడానికి రెండు పొద్దులు పట్టింది. డోలక్ ఆయన త్యాగరాజస్వామి పేరు పెడదామన్నాడు. రాజుగారు కానుకలు పంపితే ససేమిరా వద్దన్నాడని చెప్పుకునే మహానుభావుడి పేరు నెత్తిన పెట్టుకుని గ్రాంటుకు అర్జీ పెట్టడం ఏం బాగుంటుంది? ఎస్పీ బాలు గారి పేరన్నాడు కీబోర్డు కుర్రాడు. మన నెల్లూరాయనే, వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పినాయన, బాగుంటుంది. కానీ 2020లోనే నెల్లూరు ప్రభుత్వ సంగీత పాఠశాలకి ఆయన పేరు పెట్టేశారు. రెండు పేర్లూ ఒకటైతే మా గ్రాంటు అక్కడికి పోతుందేమోనని భయపడ్డాం. ఆఖరికి ఎవరికీ నచ్చని పేరు ఒకటి పెట్టాం, దాని మీద మాత్రం ఏకాభిప్రాయం కుదిరింది.

తర్వాత మూడేళ్ల ఆడిట్ లెక్కలు. నా లెక్కల పుస్తకం గోడ క్యాలెండరు. ముహూర్తం ఉన్న గడిలో ఊరి పేరు, దాని కింద అంకె. మూడు క్యాలెండర్లు చుట్టి చంకలో పెట్టుకుని ఆడిటరు గారి దగ్గరికి పోయాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఇది 5,116, ఇది 10,116. అన్నిటి చివరా ఈ 16 ఏంటండీ?"

"తాంబూలం గదండీ. సున్నాతో ఇవ్వరు."

"నాకు తెలుసు స్వామీ, సాఫ్ట్‌వేరుకి తెలీదు. 5,100 ప్రదర్శన రుసుము అని వేస్తాను. 16 ఏ పద్దు కింద వెయ్యమంటారు?"

"శుభం కింద వెయ్యండి."

ఆయన ఇతర ఆదాయం కింద వేశారు. మూడేళ్లకి కలిపి 82 కచ్చేరీల శుభం 1,312 రూపాయలు తేలింది. ఆ తర్వాత క్యాలెండరు అంచుల్లో నా రాతలు చదవడం మొదలుపెట్టారు. కొబ్బరికాయలు, కలకండ, తువ్వాళ్లు. కొబ్బరికాయలు తినేశాం, సరే. తువ్వాళ్లు ఎన్ని మిగిలాయన్నారు. ఇంటికి ఫోను చేశాను. కోశాధికారి లెక్కపెట్టి, "పంతొమ్మిదుండాయి, రెండు మాత్రం మసిగుడ్డలయినాయి" అంది. ఆడిటరు గారు ముగింపు నిల్వ 19 అని రాసి, మసిగుడ్డలు రెండింటినీ తరుగుదల కింద చూపించారు. ఆ కాయితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. నా సంగీత జీవితం గురించి అంత శ్రద్ధగా ఎవరూ రాయలేదు.

లెక్కల కంటే ఫొటోలు కష్టం. ప్రదర్శన ఫొటోలు, పత్రికల్లో వచ్చిన వార్తలు జతచెయ్యాలి. పాతికేళ్లుగా వేదికల మీద ఉన్నాను, నా మొహం ఉన్న ఫొటో ఒక్కటి లేదు. పెళ్లి ఆల్బములన్నీ తిరగేశాం. మేం కూర్చునేది వేదిక వెనక వార. ఫొటోగ్రాఫరు చూసేది వధూవరుల్ని. ఒకదాంట్లో పెళ్లికూతురు చెవి జూకా పక్కన నా బొటనవేలు ఉంది, మధ్యమం మీద. గుర్తుపట్టాను, మా ఆవిడ కూడా గుర్తుపట్టింది, కమిటీ వాళ్లు పట్టరు. పత్రికలో అయితే ఒకే ఒక్కసారి వచ్చాం. తిరునాళ్లలో కచ్చేరిని ప్రారంభిస్తున్న నాయకుడు, ఆయన పక్కన ఇంకో నాయకుడు, వాళ్ల చుట్టూ పద్నాలుగు మంది, కింద అందరి పేర్లు. నాయకుడి మోకాళ్ల సందులోంచి హార్మోనియం మూల కనిపిస్తుంది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపాను.

ఒక్కటి అర్థమైంది నాకు. మా ఊళ్ల సంగీతానికి రసీదు పుట్టదు. ఇచ్చేవాడు పళ్లెంలో పెట్టి ఇస్తాడు, పుచ్చుకునేవాడు కళ్లకద్దుకుంటాడు, లెక్క అక్కడితో తీరిపోతుంది. పాతికేళ్లు పాడినవాడు పాడినట్టు రుజువు చేసుకోవాలంటే ముందు పాతికేళ్లు కాయితాలు దాచుకుని ఉండాలి. కాయితాలు అంత జాగ్రత్తగా దాచుకునేవాడైతే వాళ్ల నాన్న వాణ్ణి క్లర్కు పరీక్ష రాయించి ఉండేవాడు, హార్మోనియం ముట్టనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు సన్నాయి మామ సంగతి. ఆయన సన్నాయి మొదలుపెడితే ఉదయగిరి దుర్గం కొండ కూడా కాస్త ముందుకు వంగుతుందని మాలో మాకు నమ్మకం. మన ఊళ్లలో మంగళవాద్యం నాయీబ్రాహ్మణుల చేతుల్లోనే బతికింది. ఆయనదీ అదే ఇల్లు. 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం వచ్చిందని, వృత్తి చేసుకునేవాళ్లకి 15,000 రూపాయల పనిముట్లు ఇస్తారని విని ఆశగా పోయాడు. జాబితాలో 18 వృత్తులు. వడ్రంగి ఉన్నాడు, కుమ్మరి ఉన్నాడు, పూలదండలు కట్టేవాళ్లున్నారు, చేపల వలలు అల్లేవాళ్లున్నారు. వాయించేవాడు లేడు, వాయిద్యం చేసేవాడూ లేడు. కానీ క్షౌరవృత్తి ఉంది.

"నీ పనికి ఉందిలే తాతా, కత్తెర, దువ్వెన, అద్దం, అన్నీ వస్తాయి" అన్నాడట కంప్యూటరు ముందున్న పిల్లోడు.

"నేను కత్తెర పట్టి ముప్పై ఏళ్లయింది నాయనా. నాది సన్నాయి."

"అది జాబితాలో లేదు. కత్తెర ఉంది."

మామ ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు నవ్వాడు. "అల్లుడా, మా తాత కత్తెర పట్టి సంపాదించి సన్నాయి నేర్చుకున్నాడు. నేను సన్నాయి పట్టి పేరు సంపాదిస్తే మళ్లీ కత్తెర చేతిలో పెడతామంటున్నారు. చుట్టు తిరిగి వచ్చిందిలే" అన్నాడు. ఆ పథకాన్ని తప్పుపట్టను, కత్తెర పట్టేవాళ్లకి కత్తెర కావాల్సిందే. పంతొమ్మిదో గడి ఒకటి గీసి ఉంటే బాగుండేది, అంతే. మా ఉదయగిరి చెక్క గరిటెలకి జీఐ గుర్తింపు ఉంది, మంచిదే, అన్నంలోకి పనికొస్తాయి. చిడతలు కూడా చెక్కే, ఆ చెక్కకి మాత్రం ఏ గుర్తింపూ లేదు.

ప్రాజెక్టు వివరం ఇంగ్లీషులో కావాలంటే డబ్లిన్ అల్లుడు కంప్యూటరు చేత రాయించి పంపాడు. దాన్ని తెలుగులోకి మార్చి మా వాళ్లకి చదివి వినిపించాను. వెలిగొండల పాదాల దగ్గర ఆఖరి శ్వాస తీస్తున్న అపురూపమైన లయ సంప్రదాయానికి మిగిలిన చివరి వారసులు అని ఉంది. చిడతలాయన కళ్లు తుడుచుకుని, "అయ్యో పాపం, ఎవరబ్బా వాళ్లు?" అన్నాడు.

అర్జీ ఎక్కించిన రాత్రి నెట్ సెంటరులో పదకొండున్నర దాకా కూర్చున్నాను. కళారూపం అన్న గడిలో నొక్కితే జాబితా దిగింది. కర్ణాటక, హిందుస్తానీ, ఇంకేవేవో. చెక్కభజన లేదు. ఇతరాలు అన్నది నొక్కాం. ఫొటో సైజు తగ్గించమంటే నెట్ సెంటరు కుర్రాడు తగ్గించి తగ్గించి, నేనూ డోలక్కూ ఒకే ఆకారంలోకి వచ్చేదాకా తగ్గించాడు. ఆఖరున, మీరు మనిషే అని రుజువు చేసుకోండి, ఈ బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఎక్కడున్నాయో చూపండి అంది. ఉదయగిరిలో పుట్టి పెరిగినవాడికి ఇదేం పరీక్ష? గేదె ఎక్కడుందో చూపమంటే రెప్పపాటులో చూపి ఉండేవాణ్ణి. మూడుసార్లు తప్పాను. నాలుగోసారి కుర్రాడు నా తరఫున మనిషయ్యాడు.

ఆ రాత్రి సైకిలు మీద ఇంటికి పోతుంటే వెన్నెల్లో కోట కనబడింది. మన కోట కింద అర్జీలు పెట్టుకోవడం కొత్తేం కాదుగదా అనిపించింది. 15వ శతాబ్దంలో దూబగుంట ఇంటిపేరే ఉన్న నారాయణ కవి, పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లో రాసి ఈ ఉదయగిరి ఏలిన బసవరాజుకే అంకితమిచ్చాడు. ఆ రోజుల్లో అవతారిక అంటే అప్లికేషనే. కవి తన తాతముత్తాతల్ని చెప్పుకుంటాడు, అది ఆధార్. రాజుగారి వంశాన్ని పొగుడుతాడు, అది కవరింగ్ లెటరు. షష్ఠ్యంతాల దగ్గర ఇట్టివాడికి, అట్టివాడికి అని వరసపెట్టి రాజుగారిని పిలుస్తాడు, అది గౌరవనీయులైన కమిటీ వారికి. కాకపోతే బసవరాజు వినియోగ ధ్రువపత్రం అడిగి ఉండడు. కథలోని కాకికీ నక్కకీ జియోట్యాగు ఫొటోలు పెట్టమని ఉండడు. తర్వాత కృష్ణదేవరాయలు వచ్చి గజపతుల చేతుల్లోంచి ఈ కోట లాక్కుని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహానికి కూడా ఇక్కడ ఎవరి దగ్గరా రసీదు లేదు.

రాయలవారికి ఈ కోట దక్కడానికి ఏడాదిన్నర పట్టిందంటారు. నా అర్జీకి పద్నాలుగో నెలలో జవాబొచ్చింది. ఆయన కంటే నాలుగు నెలలు ముందే.

జవాబులో రెండు లోపాలు చూపించారు. ఒకటి, గతంలో పొందిన గ్రాంటుకు వినియోగ ధ్రువపత్రం జతచెయ్యలేదు. గతంలో గ్రాంటు పొందలేదని రాశాను గదా అని ఫోను చేస్తే, ఆ పొందలేదన్నదానికే ధ్రువపత్రం పెట్టండి అన్నారు. కొత్త గ్రాంటు వస్తే ఎట్టా ఖర్చు పెట్టాలా అని ఆలోచిస్తున్నవాణ్ణి, రాని గ్రాంటు ఎట్టా ఖర్చుపెట్టానో రాయాల్సొచ్చింది. ఆడిటరు గారే సంతకం చేశారు. మొత్తం సున్నా, ఖర్చు సున్నా, మిగులు సున్నా. లెక్క ఇంత బాగా కుదిరిన క్లయింటు తనకి ఇంకొకరు లేరన్నారు.

రెండోది, సంస్థకు వాద్య పరికరాలు ఉన్నట్టు, వాటితో ప్రదర్శనలకు ప్రయాణించినట్టు ఆధారం జతపరచగలరు.

హార్మోనియం నేను మా గురువుగారి దగ్గర కొన్నాను. ఆయన బిల్లు ఇవ్వలేదు, ఒక మొట్టికాయ ఇచ్చాడు. వారం రోజులు తల పట్టుకు కూర్చున్నాను. మా ఆవిడే అంది, "ఏందయ్యా, నువ్వు బస్సులో దానికి టికెట్టు తీస్తావు గదా ఎప్పుడూ?"

నిజమే! ప్రభుత్వం నా హార్మోనియాన్ని గుర్తించింది లోకంలో ఒక్క చోటే. బరువు చూసింది, వయసు అడిగింది, పైకం పుచ్చుకుంది, కాయితం ఇచ్చింది. పైగా 2020 జనవరి నుంచి ఆర్టీసీ వాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగులే. అంటే నా వాద్యాన్ని ఒక ప్రభుత్వోద్యోగి, డ్యూటీలో ఉండగా, స్వయంగా పరిశీలించి ధ్రువీకరించాడన్నమాట. పరుగున పోయి పెట్టె తెరిచాను. తిత్తి సందున, రీడ్ల కింద, అడుగున వేసిన గుడ్డ మడతల్లో మొత్తం ముప్పై నాలుగు టికెట్లు దొరికాయి. ఒక్కొక్కటీ విప్పాను.

అన్నీ తెల్లగా ఉన్నాయి. మిషను టికెట్టు గదా, ఎండకీ వేడికీ అక్షరాలు ఎగిరిపోయాయి. ఒక్కదాని మీద మాత్రం వెలుగుకి అడ్డం పెట్టి చూస్తే "శుభ ప్రయాణం"లాగా ఏదో కనిపించింది. ఆడిటరు గారైతే దాన్ని ఇతర ఆదాయం కింద వేస్తారు.

మర్నాడు పనేమీ లేకపోయినా హార్మోనియం భుజాన వేసుకుని ఉదయగిరిలో బస్సెక్కాను. కండక్టరు అడగకముందే లగేజీ కొట్టమన్నాను. ఆయన అనుమానంగా చూశాడు. ఆత్మకూరులో దిగి నేరుగా జిరాక్సు షాపుకి పోయి మూడు కాపీలు తీయించి, ఒకటి అర్జీకి, ఒకటి ఆడిటరు గారికి, ఒకటి ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.

ఈలోగా మేళాల వాళ్లు, నాటకాల వాళ్లు, భజన సమాజాల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. బస్సు దిగ్గానే టికెట్టు జిరాక్సు తీయించుకోండి. మా పక్క ఎండలకి ఆ అక్షరాలు రెండు నెలలు కూడా ఉండవు.